పంపు పిన్నులు

లేతు మిషన్ మేస్త్రిది మెన్నోనైట్ క్రైస్తవ సంఘం. వాళ్లు ఒట్టు పెట్టరు, ఆయుధం ముట్టరు. మేస్త్రి సంతలో బేరమాడటానికి కూడా చిన్న అబద్ధం ఆడలేక ఇంట్లో చీవాట్లు తినేవాడు. వందల ఏళ్ల కిందట, పెద్దయ్యాక మళ్లీ బాప్తిస్మం తీసుకున్నారన్న నేరానికి తమ తొలితరం వాళ్లను నీళ్లలో ముంచి చంపుతుంటే ఎదురు చెయ్యెత్తకుండా పోయారని చిన్నప్పుడు అతనికి చెప్పింది బావే. తర్వాత ఆ బావ చెల్లెల్నే చేసుకున్నాడు, ఆ బావ వర్క్‌షాపులోనే పనికి కుదిరాడు.

ఆ ఏడాది వేలెడంత ఉక్కు పిన్నులు చెయ్యమన్నాడు బావ. "నీళ్ల పంపుల్లోకి" అన్నాడు. మేస్త్రి ప్రాణం పెట్టి చేశాడు.

ఒకరోజు సైన్యానికి సామాన్లు అందించే కాంట్రాక్టరు వచ్చి, గోనె విప్పి తుపాకీ తీశాడు. పిన్ను అందులో బిగించి మీట నొక్కాడు. టక్కుమంది.

"అతికినట్టుంది మేస్త్రీ! నీ చేతికి దండం పెట్టాలి."

మేస్త్రి మిషన్ ఆపి, నేరుగా బావ గదిలోకి వెళ్లాడు.

"పంపులకని చెప్పావు కదా, బావా?"

"నిజం చెబితే చేసేవాడివా?" అన్నాడు బావ, తలెత్తకుండానే.

తన మనసు అంతగా ఎరిగినవాడు కాబట్టే అంత సులువుగా మోసం చేశాడు. మేస్త్రికి ఆ మాటే మింగుడు పడలేదు.

సంఘంలో చెప్పాడు. ప్రార్థన మందిరానికి కప్పు వేయించింది బావే. పెద్దలు గొంతులు సవరించుకున్నారు.

"క్షమించడం మన పద్ధతి కదయ్యా" అన్నాడొకాయన.

"ఆయనే క్షమాపణ అడగలేదు, మీరెందుకు అడుగుతున్నారు?" అన్నాడు మేస్త్రి.



ఒకరి పాదాలు ఒకరు కడిగే ఆరాధన రోజున బావ పళ్లెం పట్టుకొచ్చి అతని ముందే మోకరించాడు. మేస్త్రి కాళ్లు బల్ల కిందికి లాక్కున్నాడు.

"అందరూ చూస్తున్నారు" అన్నాడు బావ, గొణుగుతూ.

"చూడనీ."

చెప్పులేసుకుని బయటికొచ్చేశాడు. భార్య వెనకే వస్తుందేమోనని గేటు దగ్గర ఆగాడు. రాలేదు.

"మీది తప్పని నేననను. కానీ ఆయన నా అన్నయ్యండీ" అంది సాయంత్రం, బియ్యం ఏరుతూ.

మేస్త్రి పని మానేశాక లేతు మీదికి మరొకడొచ్చాడు. పిన్నులు వెళ్తూనే ఉన్నాయి. మేస్త్రి ఇంటి ముందు రేకుల పంచలో సైకిళ్లు బాగుచేసుకుంటున్నాడు. ఆదివారం భార్య ఒక్కతే మందిరానికి వెళ్లొస్తుంది.

"అన్నయ్య మీ గురించి అడిగాడు" అంటుంది.

ఏమని అడిగాడో మేస్త్రి ఇంతవరకూ అడగలేదు.