రైట్ టైం పిల్ల

ఢిల్లీశ్వరరావుగారికి ఉన్నది ఒకటే పిచ్చి, టైంటేబుళ్ళు గీయడం. బరంపురం స్టేషన్‌లో ముప్ఫయ్యేళ్ళు పనిచేసి రిటైరయ్యారేమో, ఇంట్లో పప్పు పొయ్యెక్కే వేళ, దిగే వేళ కూడా రాసి గోడకి అంటిస్తారు. తన స్నానం రెండు నిమిషాలు ఆలస్యమైతే పక్కనే కారణం రాస్తారు: ‘తువ్వాలు దొరకలేదు.’

అలాంటి మనిషి చేతికి మనవరాలి చదువు చిక్కింది. స్నేహకి ఎనిమిదేళ్ళు. ఏదైనా నిదానంగా నేర్చుకుంటుంది. బడిలో నోట్సు నిండా ‘వెనకబడింది’ అని రాసీ రాసీ, చివరికి బడి పేరెత్తితే పిల్ల మంచం కిందికి దూరడం మొదలెట్టింది. తల్లి సాయిపద్మ ఏడాదిపాటు ఇంట్లోనే చదివిద్దామని మాన్పించింది. మాన్పించిందే కానీ ఒకటే బెంగ. ఏడాది తిరిగేసరికి చదువు రాకపోతే మళ్ళీ అదే బడి, అదే తరగతి, ఈసారి తనకన్నా చిన్నపిల్లల మధ్య.

మావగారు మాత్రం మహా హుషారు. అంతా పాతకాలం పద్ధతి అన్నారు. పొద్దున్నే ఎక్కాలు, ఆపైన పద్యాలు, శ్లోకాలు, తెలుగు చేతిరాత, మధ్యాహ్నం ఒడియా, శనివారం గోపాల్‌పూర్ సముద్రం ఒడ్డున గవ్వలతో లెక్కలు. జూన్ నుంచి మార్చి దాకా గోడంత చార్టు.

వారం తిరక్కుండా అది పోయి కొత్తది వచ్చింది. మరో వారానికి ఇంకోటి. చార్టుల షాపువాడు ఆయన్ని వీధి మలుపులో చూడగానే ఒకటి చుట్టి రబ్బరు బ్యాండు వేసేస్తున్నాడు.

“ఏటండీ మావయ్యా, ఏడో ఎక్కం జూలైకన్నారు. ఇప్పుడు సెప్టెంబరంటన్నారు?”

“సవరణమ్మా. రైల్వేలో మాత్రం ఉండవేటి?”

“పిల్లకి సదువు సెప్తన్నారా, ముగ్గులేసుకుంటన్నారా?”

“పచ్చ స్కెచ్చు అయిపోనాది. బజారుకెల్తే ఓటి తెచ్చిపెట్టు తల్లీ.”

దీపావళి వెళ్ళాక సాయిపద్మకి ఒళ్ళు మండింది. పాత చార్టులన్నీ లాగి నేలమీద పరిచింది. ఇరవై రెండు! వాటిని వరసగా చూస్తుంటే అసలు సంగతి బయటపడింది. పిల్లకి ఏ పాఠం ఏ రోజు వచ్చిందో, అది రావలసిన తేదీ కూడా సరిగ్గా అదే అయ్యేలా దిద్దుకుంటూ పోయారు. ఏడో ఎక్కం వచ్చింది సెప్టెంబరు పద్దెనిమిదిన, చార్టులోనూ పద్దెనిమిదే. పక్కన స్నేహ చేత్తోనే ‘రైట్ టైం’ అని రాయించారు.

“ఇదేటి మావయ్యా! బండొచ్చినాక టైము రాస్తారేటి?”

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడిచారు. అక్కర్లేకపోయినా మళ్ళీ తుడిచారు.

“ఏటంటే అమ్మా, నా సర్వీసులో ఎంత పెద్ద ఆఫీసరు సెప్పినా ఇలాంటి పని సెయ్యలేదు. కానీ ఈ పిల్ల లేటని నా సేత్తో ఎలా రాస్తాను, సెప్పు?”

సాయిపద్మకి కోపం ఎటు పోయిందో తెలీలేదు. మావగారి మీద అభిమానం పొంగుకొచ్చింది.

అంతలో స్నేహ పరుగెత్తుకొచ్చి, చార్టులు తొక్కుకుంటూ నిలబడి, ఎనిమిదో ఎక్కం ఎక్కడా ఆగకుండా గడగడా అప్పజెప్పింది.

“సోమారానికి కదా తాతా? నాకియ్యాలే వచ్చీసింది. ముందే వచ్చీసిన బండికి ఏటి రాయాలి?”

ఢిల్లీశ్వరరావుగారు కళ్ళజోడు పెట్టుకుని స్కెచ్చు మూత తీశారు. ముప్ఫయ్యేళ్ళలో ఆయనకి అలాంటి బండి ఒక్కటీ తగల్లేదు.