మేకులు జరిపిన చోట

ముప్పై ఏళ్లలో అంగుళం తేడా రానివ్వని సర్వేయరు ఆయన. వాగు పక్క అడవిలో సిమెంటు బాటకు కొలతలు తీస్తూ, మూడు ముసలి చెట్లు అడ్డొస్తే కొట్టేస్తారని, ఎవరికీ చెప్పకుండా హద్దు మేకులు వాగువైపు జరిపాడు. చెట్లు బతికాయి. బాట మాత్రం అక్కడ ఒక్కసారిగా వాగువైపు ఏటవాలుగా దిగింది. మంచిపనే చేశాననుకుని హాయిగా నిద్రపోయాడు కూడా.

బాట తెరిచిన రోజు వీల్‌చైర్‌లో ఆయన అక్క వచ్చింది. బాట కోసం పదేళ్లు అర్జీలు పెట్టింది ఆవిడే. వాలు దగ్గరికి రాగానే, కుర్చీ అదుపు తప్పి వాగులోకి జారిపోతుందని ఆయనకు అప్పుడు తట్టింది. కుర్చీని బిగించి పట్టుకున్నాడు.

"వదలరా. ఎవరూ తోయకుండా వెళ్లాలనే కదా అడిగింది."

"ఇక్కడొద్దక్కా."

"కొలిచింది నువ్వేగా, నాకేం భయం," అంటూ అక్క ఆయన వేళ్లను ఒక్కొక్కటే విడదీసింది.