వరండాలో మా గెల

పొద్దున్న మేడ మీద అద్దెకుంటున్న అమ్మాయి, కొడుక్కి ఒకటో తరగతి సీటు కోసం తిరిగి తిరిగి వచ్చి, "పిన్నిగారూ, ఆ స్కూల్లో మీకెవరైనా తెలుసాండీ?" అంది. పిల్లాడికేం వచ్చు అన్నది కాదు, మనకెవరు తెలుసు అన్నది! ఒళ్ళు మండింది. ఆ అమ్మాయి మీద కాదు లెండి, రామచంద్రపురంలో మా అమ్మాయి ఆరో తరగతి సీటుకి నేను పడ్డ పాట్లు గుర్తొచ్చి.

అప్పట్లో ఊళ్ళో పేరున్న ఇంగ్లీషు మీడియం స్కూలంటే అదొక్కటే. మావారు సొసైటీలో గుమాస్తా. మా చుట్టాల్లో ఎమ్మెల్యే గారి డ్రైవరు కూడా లేడు. పిల్ల ఎంట్రన్సు బాగా రాసింది, చాలదా అన్నాను. మా అత్తగారు నవ్వారు. "పెద్దవాళ్ళ గుమ్మంలోకి చేతులూపుకుంటూ వెళ్తారటే?" అని కొడుకుని రావులపాలెం అరటి మార్కెట్టుకి తరిమారు. ఆయన చక్కెరకేళి గెలని స్కూటరు మీద కాళ్ళ మధ్య నిలబెట్టుకుని, పసిపిల్లాడిలా కాచుకుంటూ తెచ్చారు. స్కూలు పక్కనే కరస్పాండెంటు గారిల్లు. వెళ్ళి చూస్తే వరండా నిండా గెలలే, పెళ్ళివారి విడిదిలా! ఆయన భార్య తలెత్తకుండానే, "అక్కడ పెట్టండమ్మా" అన్నారు. పెట్టి, దణ్ణం కూడా పెట్టి వచ్చేశాం. సగం దారిలో గానీ నాకు వెలగలేదు, మా పేరే చెప్పలేదని. "ఇప్పుడు వెనక్కెళ్ళి చెబితే ఏం బావుంటుందే?" అన్నారు మావారు.

సీట్లు వచ్చినవాళ్ళ పేర్లు గేటుకి అంటించారు. మా పిల్ల పేరు లేదు. అది మళ్ళీ మొదటినుంచీ చదువుకుని, "అన్నీ రాశానమ్మా" అంది. ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చి ఇంటికి తీసుకుపోయేదాన్నేమో. తిన్నగా ఆఫీసులోకి వెళ్ళి పేపరు చూపించమన్నాను. కరస్పాండెంటు గారు కళ్ళజోడు పైనుంచి చూశారు.

"ఎవరి తాలూకాండి మీరు?"

"పరీక్ష రాసిన పిల్ల తాలూకా అండి."

"పేపర్లు చూపించే పద్ధతి లేదమ్మా."

"గెలలు పుచ్చుకునే పద్ధతి ఉందాండీ? అయితే మా గెల మాకిచ్చెయ్యండి."

అక్కణ్ణించి పక్కనే వాళ్ళింటి వరండాలోకి వెళ్ళాను. ఆయన భార్య పరుగున వచ్చి, "ఇన్నిట్లో మీదేదో ఎలా తెలుస్తుందండీ?" అన్నారు. "మీకూ తెలియలేదుగా" అని, బాగా మగ్గిన పెద్ద గెల ఒకటి చంకనెత్తుకున్నాను. మాది అంత పెద్దది కాదు. గేటు దగ్గర, పిల్లల పేర్లు లేక నిలబడిపోయిన తల్లిదండ్రులందరికీ అత్తాలుగా విరిచి పళ్ళు పంచాను. "తినండి, మనవే. తిని, లోపలికెళ్ళి పేపరు అడగండి." నాతో వచ్చిన మావారు బడ్డీ కొట్టు వెనక్కి తప్పుకున్నారు. చర్చి వీధి టైలరు గారు మాత్రం పండు ఒలవకుండానే లోపలికి నడిచారు. ఆయన వెనక ఇంకొందరు.

కాసేపటికి నన్నొక్కదాన్నే పిలిచి పేపరు తీశారు. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. "సీటిస్తానమ్మా, బయట ఎవరికీ చెప్పకండి" అన్నారు. ఫీజు కట్టి రసీదు చేతికొచ్చేదాకా చెప్పలేదు. తర్వాత గేటు దగ్గర నిలబడి వీధి చివరికి వినబడేలా చెప్పాను. ఆ సాయంత్రానికి టైలరు గారబ్బాయికీ వచ్చింది. మిగతావాళ్ళకి రాలేదు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

గెలలు మోసే రోజులు పోయి ఫోన్లు చేయించే రోజులు వచ్చాయి. కాలమే అన్నీ సరిచేస్తుందని చేతులు కట్టుకుని కూర్చునేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. కాలం మనతోపాటు గేటు దాకానే వస్తుంది. లోపలికెళ్ళి అడగాల్సింది మనమే.