వీపు మీద కొబ్బరి పిందె

రాజోలు దగ్గర మేము అద్దెకున్న ఇంటికీ పక్కింటికీ మధ్య ఒక్కటే గోడ. ఆ గోడకి అవతల మా స్కూలు డ్రిల్లు మాస్టారు ఉండేవారు. కాపురం పెట్టిన కొత్తలో ఒక ఉదయం ఆయన పళ్ళు తోముకుంటూ, "మాస్టారూ, తెల్లారగట్ల రేవులోకి లాంచీ వచ్చేసిందనుకుని సంచీ పట్టుకుని బయల్దేరేనండి. వీధి చివరికి వెళ్ళేక తెలిసింది, చప్పుడు వెనక నుంచి వస్తోందని" అన్నారు. గురువుకి గురక ఉండడంలో వింతేమీ లేదనీ, రెండూ ఒకే అక్షరంతో మొదలవుతాయనీ చెప్పి తప్పించుకున్నాను.

నిజానికి గురకతో ఎవరికీ పెద్ద ఇబ్బంది లేదు. ఇబ్బందంతా అది ఆగినప్పుడే. నిద్రలో ఉన్నట్టుండి నా ఊపిరి ఆగిపోయేదట. కాసేపటికి నీళ్ళలోంచి తల పైకెత్తినవాడిలా పెద్ద చప్పుడుతో మళ్ళీ అందుకునేవాణ్ణట. ఈ 'అట'లన్నీ మా ఆవిడ చెప్పినవే. నిద్ర నాది, మెలకువ ఆవిడది. చప్పుడుకి అలవాటు పడిన మనిషి, నిశ్శబ్దానికి ఉలిక్కిపడి లేచి నా డొక్కలో పొడిచేది. నేను ఊపిరి తీసేవాణ్ణి, ఆవిడ పడుకునేది, నేను మళ్ళీ ఆగేవాణ్ణి. పొద్దున్న ఇద్దరం ఒకే స్కూలుకి వెళ్ళి చెరో తరగతిలో ఆవులించేవాళ్ళం. నేనైతే పిల్లల చేత పాఠం చదివిస్తూ కుర్చీలోనే ఒరిగిపోయేవాణ్ణి. వాళ్ళు మర్యాదస్థులు. నేను లేచేదాకా అదే పేరా మళ్ళీ మళ్ళీ చదివేవారు.

ఇలాగే ఏళ్ళు గడిచిపోయేవేమో గాని, ఎనభైల చివర్లో మా ఆవిడకి రాజమండ్రిలో బీఈడీ సీటు వచ్చింది. సెకండరీ గ్రేడు టీచరుగా చేరిన నాటి నుంచి ఆవిడ కోరుకున్నది అదొక్కటే. వేసవి సెలవులు కాగానే చేరాలి, ఏడాది పాటు హాస్టల్లో ఉండాలి. ఆ కబురు చెప్పిన నోటితోనే, "నేను వెళ్ళనండి" అంది.

"ఏం?"

"రాత్రి మీరు ఆగిపోతే లేపేదెవరు?"

నా శ్వాస మీద ఆవిడకి విశ్వాసం లేదు. నాకున్నా ప్రయోజనం లేదు, ఆ సమయానికి నేను నిద్రలో ఉంటాను.

అమలాపురంలో ఒక కుర్ర డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన నా గొంతులోకి లైటు వేసి చూసి, ఆ తర్వాత నన్ను వదిలేసి ప్రశ్నలన్నీ మా ఆవిడనే అడిగారు. "నిద్రలో గొంతు మూసుకుపోతోందండి. ముక్కులోకి గాలి పంపి గొంతుని తెరిచి ఉంచే మిషను విదేశాల్లో వచ్చిందని చదివేను. మన దాకా రావడానికి టైము పడుతుంది. అందాకా వెల్లకిలా పడుకోకూడదు, తల ఎత్తుగా ఉండాలి, మాస్టారు ఒళ్ళు తగ్గాలి."

"ఒళ్ళు తగ్గడానికీ టైము పడుతుందండి" అన్నాను.

"ఆయ్, మిషనే ముందొస్తుందండి" అంది మా ఆవిడ, డాక్టరుగారితో.

ఇప్పుడు ఆ మిషను నా మంచం పక్కనే ఉంది. గాలి తక్కువ పెడితే గురక, ఎక్కువ పెడితే కడుపుబ్బరం, మాస్కు అంచుల నుంచి ఈలలు. సరిపోయే చోటు దొరికేదాకా కొంచెం కొంచెంగా మార్చుకుంటూ పోవాలి. ఆ మార్చుకోవడం నాకు కొత్తనిపించలేదు. అప్పట్లో మా మిషను నవారు మంచం.

నేను వెల్లకిలా తిరగకుండా మా ఆవిడ నా బనీనుకి వీపు మీద జేబు కుట్టి, అందులో నిమ్మకాయ పెట్టింది. తెల్లారేసరికి కాయ చితికింది, నాకు మాత్రం మెలకువ రాలేదు. తర్వాత దొడ్లో రాలిన కొబ్బరి పిందె పెట్టింది. వాటికి మా వైపు కరువేముంది. చిన్నది తగిలేది కాదు. పెద్దది పక్కకి తిరిగినా పొడిచేది. మధ్యరకం ఏరి పెట్టాక నాకు హాయిగా నిద్ర పట్టింది. ఊపిరి మాత్రం ఎప్పటిలాగే ఆగింది. పిందె ఉండగా వెల్లకిలా ఎలా పడుకోగలుగుతున్నానో మాకు అంతుపట్టలేదు.

సెలవులకి వచ్చిన మా అత్తగారు ఒక మధ్యాహ్నం ఆ మంచం మీద నడుం వాల్చి, లేవలేక నన్ను పిలిచారు. "ఇది మంచవా, పడవా బాబూ? ఇందులో పక్కకి తిరగడం మాట అటుంచండి, బయటికి రావడవే కష్టంగా ఉంది."

అప్పుడు చూశాం. నవారు సాగి మంచం ఉయ్యాలైపోయింది. ఎటు తిరిగినా ఒళ్ళు మళ్ళీ నడుమకే జారుతుంది. పిందె బుద్ధిగా పట్టీల మధ్య సందులోకి దిగి కూర్చుంటుంది.

తల్లీకూతుళ్ళు నవారు విప్పి, మంచం కదలకుండా నన్ను ఒక పట్టె మీద కూర్చోబెట్టి, లాగి బిగించారు. నా బరువు ఇంటికి పనికొచ్చింది ఆ ఒక్క రోజే. తర్వాత తలవైపు మంచంకోళ్ళ కింద ఇటుకలు. ఒక్కొక్కటి పెడితే చాలలేదు. రెండేసి పెడితే తెల్లారేసరికి తలగడ పైన, నేను కింద. ఇటుక మీద పెంకుముక్క పెట్టినప్పుడు కుదిరింది.

కుదిరిందని తెలిసింది నా వల్ల కాదు. ఒక ఉదయం నేను లేచేసరికి ఎండ వాకిట్లోకి వచ్చేసింది, మా ఆవిడ ఇంకా నిద్రపోతోంది. పెళ్ళయ్యాక ఆ దృశ్యం చూడడం అదే మొదలు. నూతి దగ్గర మొహం కడుక్కుంటుంటే జుట్టు ముడేసుకుంటూ గబగబా వచ్చి నన్ను నిలువునా చూసింది.

"రాత్రి మీరు ఆగలేదాండీ?"

"నిన్నే అడుగుదామనుకుంటున్నాను."

"నాకు మెలకువ రాలేదు."

వరండాలో ప్రార్థన ముగించుకున్న అత్తగారు కళ్ళు తెరిచారు. "నేను విన్నానే. అల్లుడుగారు సన్నగా పెట్టేరు. నువ్వే, గోడలదిరేలా."

మా ఆవిడ ఒక పట్టాన నమ్మలేదు. తర్వాత కొన్ని రాత్రులు కాపలా కాస్తానని మంచం పక్కన కూర్చునేది, కూర్చున్నచోటే నిద్రపోయేది. అప్పుడప్పుడు నేను ఆగుతూనే ఉన్నాననీ, అయితే ఎవరూ పొడవకుండానే మళ్ళీ అందుకుంటున్నాననీ అత్తగారు చెప్పారు. ఆ ఏడాది అత్తగారు మా దగ్గరే ఉండడానికి ఒప్పుకున్నాక మా ఆవిడ పెట్టె సర్దుకుంది.

రాజమండ్రి బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. డ్రైవరు ఇంకా టీ తాగుతున్నాడు. నేను కింద నిలబడి, చెప్పవలసిన నాలుగు మాటలు లోపల వరస పెట్టుకున్నాను. ఏడాదికి సరిపడా మాటలు కనక ఎక్కడ మొదలుపెట్టాలో తేలడానికి కొంచెంసేపు పట్టింది. తల ఎత్తి చూస్తే, ఆవిడ కిటికీ కమ్మీకి తల ఆనించి, కాస్త నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

లేపలేదు. డ్రైవరు వచ్చి తలుపు గట్టిగా వేస్తాడేమోనని మాత్రం చూస్తూ నిలబడ్డాను.