మగ్గం చెక్క మీద భక్రి

నిన్న పొద్దున తమ్ముడు ఫోన్ చేసి రుక్మిణత్త ఇక లేదన్నాడు.

నేను నమ్మలేదు.

మొన్న సాయంత్రమే బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో వాళ్లింటికి వెళ్లి సాండ్ పేపర్ ఇచ్చి వచ్చాను. "గరుకుది తెచ్చినవేందే, సన్నది కావాలె" అని తిట్టింది కూడా.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. మా మేనత్త ముప్పై ఏళ్లు బీడీలు చుట్టింది. మామయ్య పోయాక ఆయన చేమగ్గం ఎనిమిదేళ్లు మూలన పడి ఉంది. ఒకరోజు దాన్ని విప్పేసి, ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆ టేకు చెక్కతో వడ్డన పలకలు చేయడం మొదలుపెట్టింది. హోటళ్లలో భక్రి, అదే జొన్నరొట్టె, పల్లీల శేంగా చట్నీ పెట్టి ఇస్తారే, అవి.

గురువు యూట్యూబ్.

మొదటి ఆర్డర్ కొంతం చౌక్ దగ్గర ఒక హోటల్‌ది. పన్నెండు పలకలూ వాపస్ వచ్చాయి. నిండా అడ్డగీతలు.

చెక్కను దాని నార పోయే దిక్కునే రుద్దాలి. మా అత్త నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి రుద్దింది. పడుగు ఉన్నాక పేక ఉండాలి కదా. నేతవాళ్ల ఇంట్లో ఎవరైనా అదే చేస్తారు.

నాకు నవ్వాగలేదు.

"నవ్వింది చాలు, ఒక పలక అందుకో" అంది.

నాలుగు రోజులు ఇద్దరం కూర్చుని అన్నీ మళ్లీ రుద్దాం. ఈసారి హోటలాయన చేత్తో తడిమి చూసి, ఇంకో డజను చెప్పాడు.

అసలు గొడవ మావాళ్లతోనే.

మామయ్య వాళ్ల అన్న, పెద్దమామ, షెడ్డు దాకా వచ్చాడు. "మగ్గం అంటే దేవుడు. దాన్ని కోసి ఎంగిలి చేస్తవా?" అన్నాడు.

అత్త రంపం ఆపలేదు. "ఎనిమిదేండ్లు దాని మీద గోనెసంచులు ఏసినప్పుడు దేవుడు యాదికి రాలేదా బావా? మనకు అన్నం పెట్టిన చెక్క. ఇంక పెట్టనియ్యి."

నిన్న పాడె లేవకముందే, వాకిట్లో పెద్దమామది మళ్లీ అదే మాట. మగ్గం కోసిన పాపం తగిలిందట.

పాపం కాదు, బీపీ. మాత్రలు వేసుకోమంటే మర్చిపోయేది. నాకు కోపం ఆ మరుపు మీద, నా మీద. రోజూ ఫోన్ చేసి గుర్తు చేయాల్సింది.

నిన్న ఏడుపులో నోరు పెగల్లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

షెడ్డుకు తాళం వేయమన్నారు. వేయను. మగ్గంలో ఇంకా రెండు నిలువు చెక్కలు మిగిలాయి. వాటిని నేనే కోస్తాను.

పదో రోజు అత్త పేరున పెట్టే భక్రి ఆమె చేసిన పలక మీదే పెడతాను.

పెద్దమామా, ఈ పోస్ట్ మీరు చదువుతారని తెలుసు. తప్పకుండా రండి. మీకూ దాని మీదే వడ్డిస్తాను.

వెళ్లిరా అత్తా. ఇక నీ చేతులకు విశ్రాంతి, నీ మనసుకు నెమ్మది దొరకాలి.