రెండో నట్టు

కిరండూల్‌లో ఒక ప్రైవేటు వర్క్‌షాపులో ఇనుము చెక్కే మిల్లింగ్ మిషన్ మీద చేరిన కొత్తలో జరిగిందిది. అప్పట్లో నాకు పని కంటే కోపం బాగా వచ్చు.

ఆ రోజు మిషన్ టేబుల్ మీద, దిమ్మను పట్టి ఉంచే వైస్ అమరుస్తున్నాను. దాన్ని టేబుల్‌కు పట్టి ఉంచే రెండు నట్లలో ఒకటి గట్టిగా బిగించి, రెండోది కాస్త వదులుగా ఉంచి, డయల్ గేజ్ సూది చూస్తూ రబ్బరు సుత్తితో తట్టి వైస్‌ను వరసకు తేవాలి. సూది కదలకుండా నిలిచాక రెండో నట్టు బిగించాలి.

సూది అప్పుడే నిలిచింది. మా సీనియర్, కోంటా వైపు మనిషి మల్లన్న, వెనక నుంచి నవ్వాడు.

"ఏంది తమ్మీ, పొద్దుగూకేదాంక వైసునే కొడుతుంటవా?"

నాకు ఒళ్లు మండింది. సుత్తి నేలకేసి కొట్టాను. గేజ్ తీసేసి, ఇనప దిమ్మను వైస్‌లో బిగించి, స్విచ్ నొక్కాను.

"అరే, రుకో! ఆ నట్టు..." అంటూ మల్లన్న చెయ్యి చాచాడు.

గిర్రున తిరుగుతున్న కట్టర్ దిమ్మను కరిచింది. వైస్ ఒక్క ఊపున తిరిగి ఆయన కుడిచేతిని మిషన్‌కేసి నలిపేసింది. కట్టర్ ముక్కలై ఎగిరింది. నేను కొయ్యలా నిలబడిపోయాను. మిషన్ ఆపే ఎర్ర బటన్ నొక్కింది కూడా ఆయనే, ఎడమచేత్తో.

అదే చేత్తో నా కాలర్ పట్టి గోడకేసి గుద్దాడు. "సంపుతవారా నన్ను!" అని అరుస్తూ కొట్టడానికి కుడిచెయ్యి ఎత్తాడు.

ఆ చేతికి రెండు వేళ్లు లేవని అప్పుడే ఇద్దరం చూశాం.

ఇప్పుడు స్విచ్ నొక్కే ముందు రెండు నట్లకీ స్పానర్ పెట్టి చూస్తాను. అప్పుడు ఎత్తిన చెయ్యి ఆయన కొట్టకుండానే మెల్లగా దించేశాడు. ఆ రోజు కొట్టి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.