లోర్నా దిగాల్సిన చోటు

పందాన్ శ్మశానంలో భార్య లోర్నాను పెట్టిన సిమెంటు గూడు మూసీ మూయగానే క్రిసాంతో పిల్లలిద్దరినీ వ్యాను వెనక సీట్లో కూర్చోబెట్టాడు. ముందు సీటు ఖాళీగా ఉంచాడు. ఖాళీ సీటుకు బెల్టు కూడా పెట్టాడు. అత్తగారు పురింగ్ అది చూసింది.

"ఆ బెల్టు ఎవరికయ్యా?"

"ఆ తలుపు సరిగా పడదు అత్తయ్యా. రెండుసార్లు బాదాలి. బెల్టుంటే ధైర్యం."

"ఖాళీ సీటుకు ధైర్యమా?" ఆమె కిటికీ పట్టుకుంది. "రేవు దగ్గర ఏదన్నా హోటల్లో దిగండి. కాస్త కాఫీ తాగి, బట్టలు దులుపుకుని అప్పుడు పడవెక్కండి. ఎక్కడా ఆగకుండా ఇంటికి పోయావా, అదీ మీ వెంటే వస్తుంది. చిన్నపిల్లలున్నారు. వింటున్నావా, రాయికి చెబుతున్నానా?"

"వింటున్నా అత్తయ్యా."

విన్నాడు. ఎక్కడా దిగకూడదని అప్పుడే నిశ్చయించుకున్నాడు కూడా.

చావింటి నుంచి బయల్దేరినవాళ్లు దారిలో ఏదో ఒక చోట దిగి, ఏదో ఒకటి నోట్లో వేసుకుని, బట్టలు దులుపుకోవాలి. వెంట వచ్చిన ప్రాణం అక్కడే ఆగిపోతుంది. అందరూ చేస్తారు, ఎందుకని ఎవరూ అడగరు. శవపేటిక అద్దం మీద పడి రోజుల తరబడి ఏడ్చేదీ వీళ్లే, ఆఖరి రోజున దారిలో ఏ కాఫీ కొట్టు దగ్గరో వదిలించుకుని పోయేదీ వీళ్లే. నిన్న పురింగ్ నాలుగేళ్ల తోతోను పేటిక మీదుగా ఈ పక్క నుంచి ఆ పక్కకు అందించింది, తల్లి కలలోకి రాకూడదని. క్రిసాంతో పళ్లు బిగించి ఊరుకున్నాడు. ఇప్పుడు మాత్రం ఊరుకోదలచుకోలేదు. లోర్నా వెంట రావాలి. ఆమె అడిగింది అదొక్కటే.

పదిహేడేళ్లకు చెరకు తోటల్లోంచి పారిపోయి మనీలా బస్సుల్లో టిక్కెట్లు కొట్టిన మనిషి అతను. తర్వాత స్టీరింగు పట్టాడు. పన్నెండేళ్లుగా మనీలా పక్కన బిన్యాన్‌లో బడిపిల్లల వ్యాను నడుపుతున్నాడు. వరదలో కూడా ఒక్క పిల్లనూ బడికి ఆలస్యంగా దించలేదు. ఆ మాట ఎవరికైనా గొప్పగా చెప్పుకునేవాడు, ఈ మధ్యే మానేశాడు.

కిడ్నీలు పాడై లోర్నా ఏడాది కిందట పందాన్‌లోని పుట్టింటికి వచ్చింది. పోయిన నెల ఫోను చేసింది. "నన్ను ఇంటికి తీసుకుపో. మా అమ్మ నన్ను ఇప్పట్నించే పోయినదాన్ని చూసినట్టు చూస్తోంది" అని నవ్వింది.

"పది రోజుల్లో బళ్లు మూస్తారు. పిల్లల్ని కూడా వేసుకుని వ్యాన్లోనే వస్తా. వెనక్కి అందరం రాత్రి పడవలో పోదాం. తోతో పడవ ఎక్కనే లేదుగా."

"వాడికి పై బెర్తు ఇవ్వకు, దొర్లుతాడు."

అదే ఆఖరి మాట. ఎనిమిదో రోజున పోయింది. ఊళ్లో వాళ్ల పిల్లలందరినీ వేళకు దించినవాడు పెళ్లాం దగ్గరికి రెండు రోజులు ఆలస్యంగా వచ్చాడు.

కతిక్లాన్ రేవు దాకా అతను ఎక్కడా ఆగలేదు. తోతో ఒంటేలంటే సీసా ఇచ్చాడు.

"సీసా మూతి చిన్నది నాన్నా!"

"నువ్వేమన్నా ఏనుగువా? పొయ్యి."

తోతో నవ్వాడు. ఎనిమిదేళ్ల ఇందాయ్ నవ్వలేదు. రోడ్డు పక్క హోటళ్లు ఒక్కొక్కటే వెనక్కి పోతుంటే మెడ తిప్పి చూస్తూ కూర్చుంది. "నాన్నా, లోలా కాఫీ తాగమంది" అని అమ్మమ్మ మాట ఒకసారి గుర్తుచేసింది. అతను వ్యాను వేగం పెంచాడు.

పడవ కింది అంతస్తులో లారీల మధ్య వ్యాను ఆపాక అతను దిగలేదు. పడవ పనివాడొకడు వచ్చి అద్దం మీద కొట్టాడు.

"అన్నా, పైకి వెళ్లాలి. బండ్లలో ఎవరూ ఉండకూడదు."

"నేనిక్కడే పడుకుంటా తమ్ముడూ."

"ఈ పొగలోనా? ముందు సీట్లో ఏమన్నా బంగారం ఉందా, బెల్టు పెట్టి మరీ కాస్తున్నావు? దిగన్నా, పిల్లలతో ఉన్నావు, నాతో తిట్టించుకోకు."

దిగక తప్పలేదు. పడవ కూడా దారే కదా, నడిచే దారి, అని మెట్లెక్కుతూ తనకు తానే చెప్పుకున్నాడు. ఇక్కడ ఏమీ కొనకుండా, ఏమీ తినకుండా ఉంటే ఆగినట్టు కాదు. పిల్లలకు చావింట్లో పంచిన బిస్కెట్లే పెట్టాడు. పోయినవాళ్లు వెంట వస్తారని అవి తెచ్చుకోకూడదంటారు. అందుకే జేబు నిండా తెచ్చుకున్నాడు.

తోతోకు కింది బెర్తు ఇచ్చాడు. శవం దగ్గర మూడు రాత్రులు మేలుకున్న ఒళ్లు. పడుకోగానే నిద్ర ముంచేసింది.

తెలతెలవారుతుండగా మెలకువ వచ్చింది. ఇందాయ్ బెర్తు ఖాళీ. బయట కమ్మీ దగ్గర నిలబడి ఉంది, చేతిలో నూడుల్సు తిన్న ఖాళీ కప్పు. నీళ్లలోకి చూస్తోంది.

"నాన్నా, అమ్మకి ఈతొచ్చా?"

"రాదు. ఎందుకే?"

పిల్ల చేతిలో కప్పు నలిపింది. "నువ్వు ఎక్కడా ఆపలేదుగా. మీ నాన్న ఆపకపోతే నువ్వన్నా చెయ్యి అని లోలా నాతో ఒట్టు వేయించుకుంది. అందుకని నువ్వు పడుకున్నాక నూడుల్సు కొన్నా. తోతోని లేపి వాడికీ పెట్టా. నా గౌను దులిపా, వాడి నిక్కరు కూడా దులిపా. తర్వాత ఇటొచ్చి చూస్తే చుట్టూ నీళ్లే నాన్నా. అమ్మ ఎక్కడ దిగుతుంది?"

అతని చెయ్యి లేచింది. ఒక్కటే అడిగింది మీ అమ్మ, ఒక్కటే, అందామనుకున్నాడు. అప్పుడు ఇందాయ్ జుట్టు కనిపించింది. మంచుకు తడిసి నుదుటికి అంటుకుపోయి ఉంది.

"ఎప్పట్నించి ఉన్నావిక్కడ?"

"తిన్నప్పట్నించి. కనబడుతుందేమోనని చూస్తున్నా."

ఎత్తిన చెయ్యి ఆ తల మీద పెట్టాడు. 

"అమ్మ దిగలేదు."

"నీకెలా తెలుసు?"

"కింద వ్యాన్లోనే ఉంది. బెల్టు పెట్టానుగా. ఆ బెల్టు తియ్యడం మీ అమ్మకి ఎప్పుడన్నా చేతనయిందా? ప్రతిసారీ నన్నే తిట్టేది, కట్టేశావురా అని."

ఇందాయ్ ముక్కు తుడుచుకుంది. "నిజంగా?"

"నిజంగా."

"అయితే నేల మీద దించుతావా? మనింటి మెట్లు అమ్మ ఎక్కలేదు నాన్నా. ఊరికి వెళ్లకముందు కూడా మూడో మెట్టు దగ్గరే కూర్చుండిపోయేది. పాపం, అలిసిపోయింది."

అతను సముద్రం వైపు తిరిగాడు. ఇల్లు బిన్యాన్‌లో రెండో అంతస్తు. ఆ మెట్లు అతనికి గుర్తుకే రాలేదు.

"దించుతా" అన్నాడు.

పడవ దిగి, బతంగాస్ రేవు దాటి కొంచెం దూరం పోయాక రోడ్డు పక్కన రేకుల హోటలు కనిపించింది. గిన్నెల మూతలు వరసగా, వేయించిన వెల్లుల్లి అన్నం వాసన. ఆపాడు. పిల్లల్ని దించాడు. చుట్టూ తిరిగి వచ్చి ముందు తలుపు తీశాడు. బెల్టు విప్పాడు. తలుపు పట్టుకుని నిలబడ్డాడు, కాళ్లు వాచిన మనిషి ఒక్కో కాలే కింద పెట్టి దిగడానికి ఎంత సేపు పడుతుందో అంత సేపు. ఇందాయ్ దారి ఇచ్చి పక్కకు జరిగింది.

"మూసెయ్ నాన్నా, ఆకలి" అన్నాడు తోతో.

తలుపు వేశాడు. ఎప్పటిలాగే మొదటిసారికి పడలేదు. రెండోసారి బాదడానికి అతనికి చెయ్యి రాలేదు. ఇందాయ్ వచ్చి రెండు చేతులతో నెట్టింది.